ఎల్బీ స్టేడియం చోట 40 వేల సీట్ల కొత్త స్టేడియం: కొలతలకు నిలుస్తుందా?

ఫతేమైదాన్_గల్లీ (ప్రశ్న)

క్రికెట్ సీజన్ వచ్చిందంటే చాలు, ఇదే మాట మళ్లీ లేస్తుంది. "ఉప్పల్ దాకా ఎవరు పోతారు, ఎల్బీ స్టేడియం పాతబడిపోయింది, పడగొట్టి అక్కడే 40 వేల సీట్లతో కొత్తది కట్టండి" అని కొందరు. "బషీర్‌బాగ్‌లో ఇప్పటికే ఊపిరి ఆడట్లేదు, ఇంకో 40 వేల మందిని ఎక్కడ నిలబెడతారు" అని ఇంకొందరు. ఇద్దరి దగ్గరా కోపం ఉంది, కొలతలు మాత్రం లేవు.

1999 నవంబర్‌లో న్యూజిలాండ్ మీద సచిన్ 186, ద్రావిడ్ 153 కొట్టింది ఆ గ్రౌండ్‌లోనే. 1983లో ఎన్టీఆర్, 2004లో వైఎస్సార్, 2023లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేసిందీ అక్కడే. కాబట్టి మనసు లాగుతుంది, తప్పులేదు. కానీ నిర్ణయానికి లెక్క కావాలి కదా. స్థలం సరిపోతుందా? ఆట అయ్యాక జనం ఎలా బయటపడతారు? పాత స్టాండ్లను బాగుచేసుకుంటే నిలుస్తాయా, లేక పడగొట్టడమే దారా? ఈ పనుల్లో ఉన్నవాళ్లు వివరంగా రాయండి. అవునని అయినా సరే, కాదని అయినా సరే, అంకెతో చెప్పండి.

---

కొలతటేపు

ముందు స్థలం సంగతి తేల్చుకుందాం, సగం వాదన అక్కడే ముగుస్తుంది.

ఐసీసీ నిబంధన ప్రకారం బౌండరీ పిచ్ మధ్య నుంచి 65 గజాలకు తగ్గకూడదు, 90 గజాలు దాటకూడదు. మధ్యరకంగా 70 మీటర్లు వేసుకోండి. తాడుకీ కంచెకీ మధ్య ఖాళీ కలిపితే 75 మీటర్ల వ్యాసార్ధం. ఈ గడ్డి ఒక్కటే 4.4 ఎకరాలు.

ఇక సీట్లు. సీటు వెడల్పు అర మీటరు, వరుస లోతు 80 సెంటీమీటర్లు అనుకుంటే, 40 వరుసలకు 32 మీటర్లు. వెనక నడవా, మెట్లు, టాయిలెట్లు కలిపి 40 మీటర్లు. వరుసకు సగటున 570 మీటర్ల చుట్టుకొలత వస్తుంది, దారులకు 15 శాతం తీసేస్తే వరుసకు 970 సీట్లు. 40 వరుసలకు దాదాపు 39 వేలు. అంటే 40 వేల సీట్లకు గిన్నె (మైదానం, చుట్టూ స్టాండ్లు కలిపి) బయటి అంచు 115 మీటర్ల వ్యాసార్ధంలో ఉంటుంది, 10.3 ఎకరాలు. దాని చుట్టూ ఫైరింజన్ తిరగడానికీ, జనం నడవడానికీ 20 మీటర్లు వదిలితే 14 ఎకరాలు దాటుతుంది. అదీ స్థలం గుండ్రంగా దొరికితే. నలుచదరపు ప్లాటైతే 18 ఎకరాలు.

ఉప్పల్ స్టేడియం సుమారు 16 ఎకరాల్లో ఉంది, సీట్లు 39 వేల చిల్లర. బెంగళూరు చిన్నస్వామి 17 ఎకరాల దగ్గర. రెండూ ఈ లెక్కకే వచ్చాయి, కాకతాళీయం కాదు.

ఇందులో పార్కింగ్ ఇంకా లేదు. జనంలో 30 శాతం కార్లలో, కారుకు ముగ్గురు చొప్పున వస్తే 4,000 కార్లు. మలుపు దారితో కలిపి కారుకు 25 చదరపు మీటర్లు, మొత్తం దాదాపు 25 ఎకరాలు. బండ్ల మీద ఇంకో 30 శాతం, ఇద్దరేసి వస్తే 6,000 బండ్లు, ఇంకో 3.7 ఎకరాలు. ఆట కన్నా పార్కింగే రెండింతల స్థలం తింటుంది. బషీర్‌బాగ్‌లో ఆ స్థలం లేదు. భూమి కిందికి మూడంతస్తులు తవ్వుదామంటే అక్కడ తగిలేది గ్రానైట్ రాయి. చుట్టూ పాత కట్టడాలు, కాలేజీ, ఆఫీసులు ఉన్న చోట బ్లాస్టింగ్‌కు అనుమతి దొరకదు. డైమండ్ వైర్‌తో కోయాలి, లేదా రసాయనం పోసి పగలగొట్టాలి. ఖర్చుతో పాటు నెలలూ పెరుగుతాయి.

ఇంకొకటి. ఎల్బీలో ఉన్నది క్రికెట్ గ్రౌండ్ ఒక్కటే కాదు. ఇండోర్ స్టేడియం, స్విమ్మింగ్ పూల్, టెన్నిస్ కోర్టులు, క్రీడా ప్రాధికార సంస్థ ఆఫీసు, గోడ వెంట స్పోర్ట్స్ సామాన్ల షాపులు, అన్నీ ఒకే ప్రాంగణం. పెద్ద గిన్నె పెడితే ఇవన్నీ లేవాల్సిందే.

---

గేట్_నంబర్_7

స్థలం దొరికిందనే అనుకుందాం. జనాన్ని లోపలికి తీసుకోవడం, బయటికి పంపడం అసలు పరీక్ష. ప్రాణాలు పోయేది అక్కడ.

లోపలికి: బ్రిటన్ వాళ్ల స్టేడియం భద్రతా పుస్తకం గ్రీన్ గైడ్ ప్రకారం ఒక తిరుగుడు గేటు గంటకు 660 మందికి మించి పంపదు. 40 వేల మందికి, గంట వ్యవధికి, 61 గేట్లు. మన దగ్గర ఆ లెక్క పారదు. మనిషిని తడిమి చూడాలి, బ్యాగు తెరవాలి, నాణేలూ నీళ్ల సీసాలూ తీయించాలి. మనిషికి 10 సెకన్లు పట్టినా లైనుకు గంటకు 360 మంది. అప్పుడు 112 లైన్లు కావాలి. లైను 1.2 మీటర్లనుకుంటే 130 మీటర్లకు పైగా గేటు ముఖమే ఉండాలి. ఆ లైన్ల ముందు ఏ సమయంలోనైనా 10 వేల మంది నిలబడి ఉంటారు. మనిషికి అర చదరపు మీటరు ఇచ్చినా 5,000 చదరపు మీటర్లు, ఎకరం పావు. ఆ ఎకరం పావు ప్రహరీ లోపల లేకపోతే రోడ్డు మీద ఉంటుంది. గేట్లు మూడు గంటల ముందు తెరిస్తే సరిపోతుంది కదా అంటారు. తెరవాలి, కానీ మన జనంలో ఎక్కువమంది వచ్చేది చివరి గంటన్నరలోనే. ఏడున్నర మ్యాచ్ అంటే ఆఫీసు వదిలాకే బయల్దేరతారు.

బయటికి: అదే గైడ్‌లో చదునైన దారికి మీటరు వెడల్పుకు నిమిషానికి 82 మంది, మెట్లకు 66 మంది. 8 నిమిషాల్లో ఖాళీ కావాలి. 40 వేల మందికి మెట్లన్నీ కలిపి 76 మీటర్ల వెడల్పు, కింద గేట్లన్నీ కలిపి 61 మీటర్లు. ఏదో ఒక గేటు పనిచేయదని ముందే అనుకుని మిగతావాటితో లెక్క తేల్చాలి. ఇదంతా డ్రాయింగ్ మీద బాగానే కుదురుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆ 8 నిమిషాల తర్వాత 40 వేల మంది రోడ్డు మీద ఉంటారు. చదరపు మీటరుకు ఇద్దరేసి, అంటే 20 వేల చదరపు మీటర్లు. 15 మీటర్ల రోడ్డైతే 1.3 కిలోమీటర్ల పొడవునా సందు లేకుండా మనుషులే. ఆ రోడ్డు మీదే అంబులెన్సు కింగ్ కోఠి ఆసుపత్రికి పోవాలి, అటు రెడ్ హిల్స్‌లో నిలోఫర్‌కు పిల్లలను తీసుకుపోవాలి.

2025 జూన్ 4న చిన్నస్వామి దగ్గర 11 మంది చనిపోయింది స్టాండ్లలో కాదు, గేట్ల బయట. సీట్లు 35 వేల లోపు, వచ్చినవాళ్లు లక్షల్లో. గేటు కొంచెం తెరుచుకుంటే వెనకాల ఉన్నవాళ్లు తోస్తారు, ముందున్నవాళ్లకు వెనక్కి వచ్చే దారి లేదు, నిలబడి ఉండగానే ఊపిరి ఆగిపోతుంది. జనం చదరపు మీటరుకు ఐదారుగురు దాటారంటే ఎవరూ తమంతట తాము కదల్లేరు, గుంపు ఎటు ఊగితే అటే. ఆ తర్వాత విచారణ జరిపిన జస్టిస్ డి'కున్హా కమిషన్, ఆ చోటు ఇంత పెద్ద జనసమూహాలకు తగదని చెప్పింది. ఊరి మధ్యలో, రోడ్డుకు ఆనుకుని గేట్లు పెట్టుకున్న స్టేడియాలన్నిటికీ ఆ మాట వర్తిస్తుంది.

మన ఊళ్లోనూ 2022 సెప్టెంబర్‌లో జింఖానా గ్రౌండ్స్ దగ్గర తొక్కిసలాట అయింది. అది మ్యాచ్ కూడా కాదు, టికెట్ల అమ్మకం. ఒకే చోట, ఒకే గేటు, ఒకే రోజు కౌంటర్ పెడితే అంతే. ఇప్పుడు ఎవరైనా స్టేడియం ప్లాన్ చూపిస్తే ముందు సీట్ల సంఖ్య అడగకండి. ప్రహరీకీ స్టాండుకీ మధ్య ఖాళీ ఎంత, గేటుకీ రోడ్డుకీ మధ్య ఖాళీ ఎంత అని అడగండి.

---

చర్చ్‌గేట్_లోకల్

గేట్_నంబర్_7 గారూ, అంకెలు కాదనను. కానీ మీ లెక్క ప్రకారం చూస్తే ముంబై వాంఖెడే, చెన్నై చెపాక్, కోల్‌కతా ఈడెన్ ఏవీ ఉండకూడదు. అవి ఊరి నడుమే ఉన్నాయి, దశాబ్దాలుగా నడుస్తున్నాయి. కారణం పార్కింగ్ కాదు, రైలు. వాంఖెడే నుంచి చర్చ్‌గేట్ స్టేషన్ నడక దూరం. చెపాక్‌కు ఆ పేరుతోనే ఎంఆర్‌టీఎస్ (చెన్నై సిటీ రైలు) స్టేషన్ ఉంది. ఈడెన్ పక్కన మైదాన్ అనే పెద్ద ఖాళీ ఉంది, జనం గేటు దాటగానే విడిపోతారు.

ఎల్బీకి అసెంబ్లీ, నాంపల్లి, గాంధీభవన్ మూడు మెట్రో స్టేషన్లు అందుబాటులో ఉన్నాయి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒకే రైలు. కారు అసలు రానివ్వకుండా, టికెట్‌లోనే మెట్రో ఛార్జీ కలిపితే, కొలతటేపు గారు చెప్పిన 25 ఎకరాలు అక్కర్లేదు. చెన్నైలో ఐపీఎల్ టికెట్‌తో మెట్రో ప్రయాణం ఇచ్చారు, జనం వాడుకున్నారు. ఊరి చివర స్టేడియం కడితే ప్రతి ఒక్కడూ బండి తీయాల్సిందే. మధ్యతరగతివాడు, స్కూలు పిల్లాడు ఆట చూడాలంటే స్టేడియం ఊళ్లోనే ఉండాలి. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి.

---

గేట్_నంబర్_7

చర్చ్‌గేట్ గారూ, రైలు మాట నిజం. అయితే రైలు సైజు చూడండి. ముంబై లోకల్ 12, 15 బోగీలు. మన మెట్రో మూడు బోగీలు, కిక్కిరిసినా వెయ్యి మంది. 5 నిమిషాలకు ఒకటి వేసినా గంటకు 12 రైళ్లు, ఒక వైపు 12 వేలు. ముందు స్టేషన్లలో ఎక్కినవాళ్లు ఉంటారు కాబట్టి మ్యాచ్ జనానికి మిగిలేది 8 వేలు. రెండు వైపులా కలిపి గంటకు 16 వేలు. 40 వేల మందిలో ముప్పావు మందిని మెట్రోకే పంపుతానంటే 30 వేలు, అంటే రాత్రి పదకొండున్నరకు మ్యాచ్ అయితే ఆఖరివాడు రైలెక్కేసరికి ఒంటిగంటన్నర. ప్లాట్‌ఫాం మీదికి ఒకేసారి పంపడానికీ లేదు, కిందే ఆపి విడతలుగా వదలాలి. మళ్లీ ఆ ఆపేది రోడ్డు మీదే.

ఇదే రైలుతో 15 వేల మంది స్టేడియం అయితే? సగం మంది, 7,500, అరగంటలో వెళ్లిపోతారు. అందుకే స్టేడియం ఊళ్లో వద్దని నేను అనట్లేదు, సైజు తప్పంటున్నాను. ఉప్పల్‌కూ స్టేడియం పేరుతోనే స్టేషన్ ఉంది, బ్లూ లైన్ మీద. 40 వేల ఆట అక్కడ ఉండనివ్వండి.

---

చర్చ్‌గేట్_లోకల్

15 వేలకు అంతర్జాతీయ మ్యాచ్ ఇవ్వరు. ఆ మాట కూడా రాయండి. ఎల్బీలో చివరి వన్డే 2003లో, 2005 నుంచి అన్నీ ఉప్పల్‌కే పోయాయి. మీరు చెప్పేది చేస్తే మళ్లీ రావు.

---

గేట్_నంబర్_7

రావు. ఒప్పుకుంటున్నాను.

---

కాంక్రీట్_నాడి

పాత స్టాండ్లు నిలుస్తాయా అన్న ప్రశ్న మిగిలింది. చూసి చెప్పేది కాదు, కోసి చెప్పేది.

ముందు సుత్తి పరీక్ష, అంటే రీబౌండ్ హామర్. ఇది పైపొర గట్టిదనమే చెబుతుంది, దీని మీద ఒక్కదాని మీదే రిపోర్టు ఇస్తే నమ్మకండి. తర్వాత అల్ట్రాసోనిక్, లోపల బొరియలు తెలుస్తాయి. ఆ పైన కోర్లు, అంటే కాంక్రీటును గుండ్రంగా కోసిన నమూనాలు, తీయాలి. కాంక్రీటుకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కోర్ల సగటు బలం ఆ గ్రేడ్‌కు ఉండాల్సిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకూడదు. కోర్ తీసిన వెంటనే దాని పక్కల మీద ఫినాఫ్తలీన్ చల్లండి. గులాబీ రంగు తిరిగితే కాంక్రీటులో క్షారం బతికే ఉంది. రంగు రాని మేరకు గాలి చొరబడి క్షారం పోయింది. ఆ రంగులేని పట్టీ చువ్వ దాకా చేరిందంటే తుప్పు మొదలైందనే లెక్క, పైకి పెచ్చు ఊడకపోయినా సరే.

స్టేడియాల్లో రోగం ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది. జనం కూర్చునే మెట్లే కింద గదులకు పైకప్పు. కింద ఆఫీసో, షాపో, టాయిలెట్టో ఉంటుంది. ప్లాస్టిక్ సీటు బిగించడానికి మెట్టు మీద నిట్టనిలువుగా బోల్టు దింపుతారు. సీటుకు రెండు చొప్పున 25 వేల సీట్లంటే 50 వేల రంధ్రాలు, 50 వేల నీటి దారులు. వాన నీరు బోల్టు పక్కనుంచి దిగి చువ్వను తాకుతుంది, తుప్పు ఉబ్బి పెచ్చు లేస్తుంది, కింద షాపువాడు నెమ్ము అని సున్నం కొట్టిస్తాడు, ఏడాదికి మళ్లీ అదే. సీటును మెట్టు పడక మీద కాకుండా నిలువు ముఖానికి బిగించాలి, రెసిన్ పోసిన యాంకర్‌తో. మెట్టు పడకకు ముందుకు వాలు ఇవ్వాలి, మీటరుకు ఒక సెంటీమీటరు చాలు. రెండు స్టాండ్ల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింట్‌లో (ఎండకు సాగడానికి వదిలే సందు) నింపే సీలెంటు పదేళ్లకు మించి ఉండదు, మార్చే బడ్జెట్ ముందే పెట్టుకోవాలి. మన దగ్గర కట్టడానికి డబ్బు వస్తుంది, సీలెంటుకు రాదు.

ఇంకో సంగతి, పాతవాటికి ఊపు లెక్క వేసి ఉండరు. పాటకు జనం ఒకే లయలో గంతులేస్తే సెకనుకు రెండుసార్లు తాకిడి. స్టాండు సహజ కంపనం దానికో, దాని రెట్టింపుకో దగ్గరగా ఉంటే ఊపు పెరుగుతుంది. ప్రమాణ స్వీకారానికి వచ్చే జనం వేరు, డీజే పెట్టిన మ్యాచ్ జనం వేరు. ముందుకు పొడుచుకొచ్చిన స్టాండ్లను ఈ లెక్క లేకుండా తెరవకూడదు.

నా అభిప్రాయం: పరీక్షలు చేయకుండా "పాతది, పడగొట్టండి" అనడం ఎంత తప్పో, "రంగేసి వాడుకుందాం" అనడమూ అంతే తప్పు. స్టాండు స్టాండుకీ ఫలితం వేరుగా వస్తుంది. ఒక్కో స్టాండు చొప్పున పోయినవి తీసి, బాగున్నవి బలపరచొచ్చు.

---

ఓవర్‌ల్యాండ్‌పార్క్

డబ్బు వైపు ఒక పోలిక. అమెరికాలోని కాన్సాస్ సిటీలో రాయల్స్ బేస్‌బాల్ జట్టు ఊరి బయట ఉన్న స్టేడియం వదిలి డౌన్‌టౌన్‌లో క్రాస్‌రోడ్స్ అనే పేటకు వస్తామంది. అందుకు, దానితో పాటు చీఫ్స్ అనే ఫుట్‌బాల్ జట్టు స్టేడియం మరమ్మతుకు, డాలరుకు సెంటులో 3/8 వంతు అమ్మకం పన్నును 40 ఏళ్లు కొనసాగించాలని జాక్సన్ కౌంటీలో 2024 ఏప్రిల్ 2న ఓటు పెట్టారు. 58 శాతం మంది వద్దన్నారు. క్రాస్‌రోడ్స్‌లో నడుస్తున్న చిన్న చిన్న దుకాణాలు పోతాయన్నది అక్కడ వినిపించిన బలమైన అభ్యంతరం. గోడ వెంట షాపుల మాట కొలతటేపు గారు రాశారు కదా, అదే ఇదీ.

కానీ డౌన్‌టౌన్ స్టేడియం బాగా కుదిరిన ఊళ్లూ ఉన్నాయి. బాల్టిమోర్‌లో 1992లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో 2000లో తెరిచిన బేస్‌బాల్ మైదానాలు అందుకు పేరుపడ్డాయి. తేడా ఒక్క అంకెలో ఉంది. బేస్‌బాల్ జట్టు ఏడాదికి సొంత ఊళ్లో 81 మ్యాచ్‌లు ఆడుతుంది. ఐపీఎల్ జట్టుకు సొంత ఊళ్లో 7. ఒకటో రెండో అంతర్జాతీయ మ్యాచ్‌లు కలిపినా 10 దాటవు. 81 రోజులు జనం వస్తే పక్కన హోటలు బతుకుతుంది. 10 రోజులకు బతకదు, మిగతా 355 రోజులు ఆ వీధికి గోడ మిగులుతుంది.

---

పచ్చగడ్డి

ఆ 355 రోజుల సంగతే నేను రాయాలనుకున్నది.

అంతర్జాతీయ క్రికెట్ గడ్డి అయితే దాని మీద మామూలు పిల్లలను అడుగుపెట్టనివ్వరు. తప్పు వాళ్లది కాదు, ఆ గడ్డి పద్ధతే అంత. కింద కంకర, పైన ఇసుక, దాని మీద బెర్ముడా గడ్డి. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టినా 17 వేల చదరపు మీటర్లకు 85 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 17. మంచినీళ్లు వాడితే ఏమవుతుందో 2016లో మహారాష్ట్రలో చూశాం, కరువులో బాంబే హైకోర్టు ఐపీఎల్ మ్యాచ్‌లను రాష్ట్రం దాటించింది. శుద్ధిచేసిన మురుగునీరే దారి, దానికి పైపులైను ముందు వేసుకోవాలి.

అదే గ్రౌండ్‌లో సభలు కూడా పెడతామంటారు. లారీ చక్రం ఒక్కసారి తొక్కితే ఇసుక పొర అణిగి నీరు దిగదు. తర్వాత బోలు మేకులతో పొడిచి గాలాడించి, 5 మిల్లీమీటర్ల మందాన ఇసుక చల్లాలి, మైదానమంతా అయితే 85 ఘనమీటర్లు. గడ్డి కోలుకోవడానికి నెల పైమాటే. సభలు, క్రికెట్ రెండూ ఒకే గడ్డి మీద సాగవు.

పరుగు ట్రాక్ కూడా వేద్దాం అనేవాళ్లకు: 8 లేన్ల 400 మీటర్ల ట్రాక్ బయటి కొలత 177 మీటర్ల పొడవు, 93 మీటర్ల వెడల్పు. పైన లెక్కేసిన క్రికెట్ మైదానం వ్యాసం 150. పట్టదు. పట్టించాలంటే స్టాండ్లు వెనక్కి పోతాయి, ఎకరాలు పెరుగుతాయి. ట్రాక్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఉంది. ఊరి నడుమ పిల్లలకు మాత్రం పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా తెరిచి ఉండే మైదానం కావాలి. చార్మినార్ నుంచి, చిక్కడపల్లి నుంచి బస్సులో వచ్చే పిల్లకు ఉప్పల్, గచ్చిబౌలి రెండూ దూరమే. చర్చ్‌గేట్ గారు చెప్పిన స్కూలు పిల్లాడు ఏడాదికి ఒక్కరోజు ఆట చూడటం మంచిదే, రోజూ ఆడటం ఇంకా అవసరం. అందుకు స్థలంలో సగం సహజమైన గడ్డి, మిగతా సగంలో నెట్లు, మట్టి కోర్టులు, ఫుట్‌బాల్‌కు 105 బై 68 మీటర్లు, అంటే ఎకరం ముప్పావు, సరిపోతాయి.

---

ఫతేమైదాన్_గల్లీ

అందరికీ వందనాలు. 40 వేలకు పట్టు విడవనివాళ్లకు చూపించడానికి ఈ అంకెలు చాలు. ఒకటే సందేహం. 15 వేలే అన్నా, తర్వాత వచ్చే అధికారులు ఇంకో అంతస్తు లేపరని హామీ ఏముంది?

---

కొలతటేపు

హామీ కాగితంలో కాదు, ఖాళీలో ఉంటుంది. చెపాక్‌లో 2011లో ఐ, జే, కే అని మూడు స్టాండ్లు కొత్తగా కట్టారు, అనుమతుల తగాదాలో పడి ఏళ్ల తరబడి తాళం వేసి ఉండిపోయాయి. పక్కనున్న క్రికెట్ క్లబ్ జిమ్‌కూ స్టాండ్లకూ మధ్య చాలినంత ఎడం లేకపోవడమే అసలు చిక్కు. వేల సీట్లు ఖాళీ పెట్టుకుని మ్యాచ్‌లు ఆడారు.

కాబట్టి ప్లాన్ మీద మూడు గీతలు గీయించండి. ఫైరింజన్ దారి, గేటు లోపల జనం ఆగే చోటు, పిల్లల మైదానం హద్దు. ఈ మూడింటినీ సీట్ల సంఖ్యతో పాటు ఒకే అనుమతి పత్రంలో చేర్చాలి. స్టాండు స్తంభాల పునాదులు ఒక అంతస్తు బరువుకే డిజైన్ చేసి, ఆ బరువు అంకెను డ్రాయింగ్‌లో రాయించండి. పైన లేపాలంటే పునాది మళ్లీ తవ్వాల్సి వస్తుంది.